పల్లెకు పోయిన సభ

రెండు దినములు సెలవు దొరకినచో సాహిత్యసభను చూచుటకై పట్టణము విడిచి పల్లెకు పోవుట నేడు చదువుకొన్నవారికి వేడుకయైనది. ఏటి యొడ్డుననో, సముద్రతీరముననో పందిరి వేయుదురు. కవులు తమ రచనలు చదువుదురు, పుస్తకములు అమ్ముడుపోవును, ఆదివారము సాయంకాలమునకు అందఱును ఇండ్లకు మరలుదురు. ఇది మంచిదే. కాని సభ పల్లెకు పోవుట వేఱు, పల్లె సభలోనికి వచ్చుట వేఱు. ఈ భేదమును తెలిసికొనుటకు సిద్దిపేటవారమగు మేము సముద్రముదాక పోనక్కఱలేదు. మెదకు మీదుగా జోగిపేట చేరిన చాలును. 2016 అక్టోబరులో క్రొత్తజిల్లాలు ఏర్పడువఱకు ఈ రెండూళ్లును ఒక్క మెదకు జిల్లాలోనివే.

జోగిపేట కథ నిజమునకు హైదరాబాదులో మొదలైనది. 1921 నవంబరులో అచ్చటి వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కారసభ జరిగెను. స్త్రీవిద్యకు జీవితమును ధారవోసిన కర్వే పండితులు దానికి అధ్యక్షులు. ఇతర భాషలలోని ఉపన్యాసములను సభ ఓపికతో వినెను. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగానే గేలి చెలరేగెను. ఆ సంస్థానపు ప్రజలలో సగమునకు దగ్గఱగా తెలుగువారే; అయినను రాజభాష ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. ఊరి బడిలో లేని గౌరవము నాటకశాలలో ఎట్లు కలుగును? ఆ యవమానము మనసున నాటుకొనగా, ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొందఱు కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమైరి.

ఆ సంఘమువారు తొలుత చేసినది కేకలు వేయుట కాదు. గ్రంథాలయములు నెలకొల్పుట, పాతశాసనములను తాళపత్రములను వెదకుట, వర్తకుల కష్టములను, వెట్టిచాకిరిని గూర్చి చిన్నపుస్తకములు ప్రకటించుట. తొమ్మిదేండ్లు ఇట్లు గడచిన పిమ్మట 1930 మార్చి 3, 4, 5 తేదులలో జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ జరిగెను. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. సభ జరుపుటకు ముందుగా సర్కారువారి అనుమతి పొందవలెనని శాసించు ‘గస్తీ నిషాన్ 53’ అమలులోనున్న దినములవి. నలుగురు కూడి మాటలాడుటయే సాహసమైన కాలమున ఒక చిన్నయూరు తెలుగువారికి పందిరి వేసెను. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. నాటకశాలలో గేలి పొందిన భాష ఇచ్చట మూడుదినములు తలయెత్తి పలికెను.

ఇంతవఱకు చెప్పి ముగించినచో కథ మనకు తీయగానుండును. కాని చరిత్ర మన ముచ్చటకొఱకు వ్రాయబడినది కాదు. ఆ జోగిపేట సభకే భాగ్యరెడ్డివర్మగారు వచ్చిరి. ఆయన 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అంటరానివారనబడు జనుల పిల్లలకు బడులు పెట్టించిన మహనీయుడు. ఆయన మాటలాడ లేచినప్పుడు కొందఱు పూర్వాచారపరులు సహింపలేక సభను విడిచిపోయిరి.

మేము ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల ఆగి ఆలోచింతుము. 1921లో తెలుగువాని నోరు నొక్కినందుకు తెలుగువారికి కోపము వచ్చెను. అది న్యాయమైన కోపము. తొమ్మిదేండ్లకు అదే తెలుగుసభలో మఱియొక తెలుగువాడు నోరు విప్పగా కొందఱు చెవులు మూసికొనిరి. భాష ఒక్కటే, అవమానమును ఒక్కటే, చేసినవారు మాత్రము మాఱిరి. తాను పడిన దెబ్బను మనుష్యుడు ఏండ్లతరబడి జ్ఞాపకముంచుకొనును. తాను కొట్టిన దెబ్బను మఱునాడే మఱచును. ఆ సభ గొప్పతనము లేచిపోయినవారివలన తగ్గలేదు. వారికి వెఱచి భాగ్యరెడ్డివర్మగారిని పిలువకుండిన తగ్గియుండెడిది.

అటుపిమ్మట జరిగిన రెండు సంగతులు ఈ పాఠమునే వేఱువిధముగా చెప్పుచున్నవి. తెలంగాణమున కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాయగా ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. ఊరూరినుండి రచనలు తెప్పించి 1934లో 354 కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. ఇల్లు కదలకుండ జరిగిన కవిసమ్మేళనమని దానిని మేము తలంతుము. లేరనబడినవారు లేకపోలేదు, వారిని అడిగినవారే లేకుండిరి.

రెండవది అలంపురము. తుంగభద్రాతీరమున పాతగుళ్ల నడుమనున్న ఆ యూరిలో 1953 జనవరియందు గడియారము రామకృష్ణశర్మగారు పూనుకొని ఆంధ్రసారస్వతపరిషత్తు సభలను జరిపించిరి. నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ప్రారంభోత్సవము చేసిరి. కాళోజీ నారాయణరావుగారి ‘నా గొడవ’ను శ్రీశ్రీగారు ఆవిష్కరించినది ఆ సభలలోనే. పండితులు కొలువైన పందిటిలో జనుల వాడుకమాటకు పీట వేసిరన్న మాట. ఆ కాళోజీ పుట్టినదినమగు సెప్టెంబరు 9ని 2014నుండి తెలంగాణభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఇక నేటి మాట. మా ప్రాంతమున ఇప్పుడు సభకు సర్కారు సెలవు తెచ్చుకొనుట కష్టము కాదు. తెలుగున మాటలాడిన గేలి చేయువారును లేరు. కాని పందిరి చివర నిలిచి వినుచున్న కూలియువతి, ఒగ్గుకథ చెప్పు వృద్ధుడు, బస్సెక్కి వచ్చిన పల్లెబడి పిల్ల – వీరిలో ఎందఱిని వేదికపైకి పిలుచుచున్నాము? భోజనములు వడ్డించినవారిని కృతజ్ఞతలు చెప్పునప్పుడు తప్ప తలచుచున్నామా? పల్లె అందము చూచి వచ్చినచో అది విహారమగును. పల్లె చెప్పునది విని వచ్చిననే అది సాహిత్యసభ యగును.

కావున సభాకార్యకర్తలకు మా మనవి ఒక్కటే. ఆహ్వానపత్రము అచ్చువేయుటకు ముందు, ఎవరు మాటలాడ లేచిన మనలో కొందఱు లేచిపోవుదురో ఒక్కసారి ఆలోచింపుడు. ఆ పేరునే మొదట వ్రాయుడు.