మిగిలిపోయిన తీగల చరిత్ర

అంబాసిడర్ ఇంజను దింపడాన్ని మా షెడ్డులో ఎవరూ పెద్ద పనిగా చూసేవారు కాదు. దూలానికి చైన్ బ్లాక్ కట్టి, మౌంటింగు బోల్టులు ఊడదీస్తే ఇద్దరు కుర్రాళ్లు చాలు. అసలు పని కొత్త ఇంజను కూర్చున్నాక మొదలయ్యేది. బానెట్ కింద కొన్ని పైపులూ కొన్ని తీగలూ వేలాడుతూ మిగిలేవి. ఏది ఎక్కడికి పోవాలి, దేన్ని శాశ్వతంగా మూసెయ్యాలి అన్నది ఎలక్ట్రికల్ మేస్త్రి తేల్చాలి. రాజమండ్రిలో నేను అన్నం తిన్నది ఆ పని మీదే.

1957లో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో తయారీ మొదలైన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మనదేశపు రూపం. చాలాకాలం దానికి 1489 సీసీ పెట్రోలు ఇంజను. 1980 ప్రాంతంలో కంపెనీయే డీజిల్ అంబాసిడర్ అమ్మడం మొదలుపెట్టింది గాని, కొత్త కారు కొనే స్తోమత టాక్సీ తోలుకునేవాడికి ఎక్కడిదండీ? పాత పెట్రోలు బండి తక్కువలో దొరికేది. పెట్రోలు కంటే డీజిల్ చవక. 1974లో కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య రోడ్డు కం రైలు వంతెన వచ్చాక రెండు జిల్లాల మధ్య కారు బాడుగలూ పెరిగాయి. పాత బండికి డీజిల్ ఇంజను ఎక్కిస్తే గిట్టుబాటు.

డీజిల్ ఇంజను మావాళ్లకి కొత్త కాదు. ధాన్యం మిల్లుల్లో, చేలల్లో ఆయిలింజన్లు, గోదావరి మీద లాంచీలు, ఊళ్లో ట్రాక్టర్లు. ఇంజెక్టరు విప్పి కట్టగలిగే చేతులు అప్పటికే ఊరూరా ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్ నుంచి పాత ఇంజన్లు దిగేవి. కొందరు అంబాసిడర్ డీజిల్ ఇంజనే వెతుక్కునేవారు, లాగుడు కావాలన్నవారు మాటడోర్ వ్యాను ఇంజను అడిగేవారు, జీపులవాళ్లు ప్యూజో కావాలనేవారు.

పెట్రోలు ఇంజనుకి కాయిలు, డిస్ట్రిబ్యూటరు, కార్బొరేటరు ఉంటాయి. డీజిలుకి ఈ మూడూ అక్కర్లేదు. దానికి ఇంజెక్షన్ పంపు, హీటర్ ప్లగ్గులు, మిగులు డీజిలు ట్యాంకుకి తిరిగివెళ్లే రిటర్న్ పైపు కావాలి. అంటే ఉన్న తీగల్లో కొన్నింటికి పని పోతుంది, కొత్తగా వచ్చిన పనులకి తీగ ఉండదు. హీటర్ ప్లగ్గులు నాలుగూ కలిసి హెడ్‌లైట్ల కంటే మూడు నాలుగు రెట్లు కరెంటు లాగుతాయి. పాత సన్నతీగ ఏదో ఖాళీగా ఉంది కదా అని దానికి తగిలిస్తే అది కాలుతుంది. బ్యాటరీ నుంచి లావు కేబులు వేరే లాగాల్సిందే.

అంబాసిడర్ వైరింగుది బ్రిటిష్ రంగుల పద్ధతి. బ్రౌను తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపులో తాళం తిప్పితేనే. ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చి మీటర్లకీ బ్రేకు లైటుకీ పోతుంది. ఎరుపు చిన్న లైట్లకి, నీలం హెడ్‌లైట్లకి, నలుపు ఎర్తుకి. తెలుపు మీద బ్రౌను గీత ఉంటే ఆయిల్ ప్రెజర్ లైటుది. చదువు రాని కుర్రాడు కూడా వారంలో నేర్చుకునేవాడు.

కాని మా దగ్గరికి వచ్చే బళ్లలో రంగులు మిగిలితేగా! ఇంజను వేడికీ ఆయిలు మడ్డికీ తెలుపూ పసుపూ ఒకే మట్టిరంగయ్యేవి. 1986 ఆగస్టు వరదల్లో నీట మునిగిన బళ్లకీ, 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమలో తడిసిన బళ్లకీ లగ్గుల నిండా పచ్చని చిలుము. తీగ కొస గీకితే రాగి నల్లగా పొడిపొడిగా రాలేది.

“రంగు సాక్ష్యం చెబుతుందిరా అబ్బాయ్, తీర్పు మాత్రం లైటుదే” అనేవారు మా గురువుగారు. లైటంటే పాత ఇండికేటరు బల్బుకి రెండు తీగలు అతికించిన టెస్ట్ లాంప్. ఒక కొస బాడీకి, రెండోది ఊరూ పేరూ లేని తీగకి. తాళం పెట్టకుండానే వెలిగితే బ్యాటరీ నుంచి సూటిగా వస్తున్నట్టు. తాళం తిప్పాక వెలిగితే పాత కాయిలు తీగ కావచ్చు. సెల్ఫు కొట్టినప్పుడు మాత్రమే వెలిగితే సెల్ఫు సొలెనాయిడ్‌ది. చేతిలో బల్బు వెలగక, డాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగిందనుకోండి, అది ఆయిల్ ప్రెజర్ తీగ. లోపలి చిన్న బల్బు గుండా వచ్చే కాస్త కరెంటు చేతిలోని పెద్ద బల్బుని వెలిగించలేదు మరి.

కాయిలు తీగ దొరికాక ఏం చెయ్యాలో పంపు చూసి చెప్పాలి. పంపుకి ఆపే సొలెనాయిడ్ ఉంటే ఆ తీగ దానికే. లాగి ఆపే కేబులు ఉంటే తీగకి పని లేదు. దాని కొస కోసి, స్లీవు తొడిగి, కట్టెయ్యాలి. ఆ తెల్లతీగకి ఫ్యూజు ఉండదు. వేలాడనిచ్చి బాడీకి తగలనిస్తే వైరింగంతా అంటుకుంటుంది.

పైపుల్ని ముక్కుతో, వేలితో పోల్చేవాళ్లం. లోపల నల్ల జిగురుంటే బ్రీదరు పైపు. పెట్రోలు వాసన చెప్పకనే చెబుతుంది. గోడ మందంగా ఉండి పీల్చినా నొక్కుకుపోనిది బ్రేకు బూస్టరుది. పెట్రోలు ఇంజను గాలి పీల్చే పీల్పుతోనే బూస్టరు నడుస్తుంది. డీజిలులో ఆ పీల్పు చాలదు, ఆల్టర్నేటరు వెనక వాక్యూమ్ పంపు ఉన్న ఇంజనే వెయ్యాలి. కొన్ని పాత డీజిల్ పంపులకి గవర్నరు కూడా వాక్యూమ్ మీదే పనిచేసేది. గవర్నరుకి వెళ్లే సన్నపైపు తగిలించకుండా స్టార్టు చేస్తే ఇంజను ఆగకుండా అరుస్తూ లేచిపోతుంది. అందుకే మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు గాలి లోపలికి పోయే నోరు మూయడానికి ఒక మనిషి చెక్కబిళ్ల పట్టుకుని నిలబడేవాడు.

2000 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు బిగిశాక కొత్త కార్లలో సెన్సార్లూ కంప్యూటర్లూ పెరిగాయి. తీగల కొసలకి కప్లర్లు వచ్చాయి. ఈనాటి కుర్రాళ్లు విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకుంటారు. మంచి అలవాటే. కాకపోతే ఫొటో పాత ఇంజనుది, ఎక్కించేది వేరే ఇంజను అయినప్పుడు అది సగం దాకానే పనికొస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. సీ బుక్కులో పెట్రోలు, బానెట్ కింద డీజిలు ఉన్న రోజులు పోయాయి. పోవడమూ న్యాయమే. అలాంటి బళ్లలో ఎన్నింటి బ్రేకులు డీజిల్ ఇంజను బరువుకి చాలేవో మాకు తెలుసు.

మా షెడ్డులో నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు భీమవరం వైపు రొయ్యల చెరువుల జనరేటర్లు చూస్తున్నారు. పాత ఇంజను తెచ్చి జనరేటరుకి బిగిస్తే అక్కడా ఏవో తీగలు మిగులుతాయి. దొరికినచోట గుచ్చేసి బండి స్టార్టయింది కదా అనుకునేవాడు కూలిపని చేసినట్టు. వదిలేసిన ప్రతి తీగనీ ఎందుకు వదిలేశాడో యజమానికి చెప్పగలిగినవాణ్ణే మేం మేస్త్రి అనేవాళ్లం. ఆ కొలత మార్చాల్సిన అవసరం నాకింకా కనబడలేదు.