గవ్వ ఎటు పడుతుంది?

ఈసారి మాటల పట్టిక లేదు. ఒక ఆట చరిత్ర రాస్తున్నాను. కొత్త మాట వచ్చినప్పుడు అక్కడే అర్థం చెబుతాను. మీరూ నాలాగే ఇంట్లో విని, పుస్తకం చూసి తెలుగు నేర్చుకుంటున్నవాళ్లే కదా.

నేను ఉండేది మిషిగన్‌లోని ట్రాయ్‌లో. అసలు ట్రాయ్ యుద్ధం జరుగుతున్నప్పుడు పాలమీడిస్ అనే వీరుడు పాచికలు కనిపెట్టాడని గ్రీకుల కథ. మా ట్రాయ్‌లో యుద్ధాలు లేవు, మంచు ఉంది. అందుకని చలికాలం శనివారాలు స్నేహితులం కూర్చుని కటాన్ ఆడతాం. 1995లో జర్మనీలో క్లౌస్ టాయిబర్ తయారుచేసిన ఆట అది. అట్ట ఎంత మందంగా ఉంది, కార్డులు ఎంత నునుపుగా ఉన్నాయి అని మేం గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ అదంతా చూసి, "ఒక ఆటకి ఇంత సరంజామా ఎందుకే?" అంది. సరంజామా అంటే ఒక పనికి కావలసిన సామానంతా. నాకు ఈ మాట చాలా నచ్చింది.

మర్నాడు అమ్మమ్మ తన సంచిలోంచి చిన్న గుడ్డ మూట తీసింది. అందులో నాలుగు గవ్వలు. వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చినవట. నేలమీద సుద్దతో అడ్డం ఐదు, నిలువు ఐదు గడులు గీసి అష్టాచమ్మా నేర్పింది. (వెతికితే ముందు 2008లో వచ్చిన సినిమా కనిపిస్తుంది. ఆట వేరు, సినిమా వేరు.) ఒక్కొక్కరికి నాలుగు కాయలు. కాయ బయటి గడులన్నీ తిరిగి, లోపలికి వెళ్లి, నడిమి గడి చేరితే "పండింది" అంటారు. కాయ పండు అవుతుందన్నమాట! ఈ ఒక్క మాట కోసమైనా ఈ ఆట నేర్చుకోవచ్చు.

ఇంకో రెండు మాటలు. వెల్లకిలా అంటే నోరు పైకి. బోర్లా అంటే నోరు కిందికి. మనం మంచం మీద పడుకునేటప్పుడు కూడా ఇవే మాటలు. ఒక గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చమ్మకీ అష్టకీ మళ్లీ వేయవచ్చు.

తరవాతి వారం నేను కుర్చీ వెనక్కి జరిపాను. కాలి కింద చిటుక్కుమంది. గవ్వ పగిలింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. మిగిలిన మూడూ మూట కట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను వెంటనే ఆన్‌లైన్‌లో ఒక సెట్ కొన్నాను. పెట్టె అందంగా ఉంది. గవ్వలు అసలు గవ్వలు కావు, ఒకే అచ్చులో పోసినవి, మెరిసిపోతున్నాయి. ఆడటం మొదలుపెట్టాం. చమ్మ, చమ్మ, రెండు, మూడు, మళ్లీ చమ్మ. అష్ట ఎంతసేపటికీ రాదు. అమ్మమ్మ ఒకదాన్ని చేతిలో తిప్పి చూసి, "వీటికి బోర్లా పడటం రాదమ్మడూ" అంది.

నాకు అప్పుడు లెక్క చేయాలనిపించింది. గవ్వ నాణెంలాగా రెండువైపులా సమానంగా పడుతుందనుకుందాం. అప్పుడు 16 పందాల్లో సగటున ఒక చమ్మ, ఒక అష్ట రావాలి. (పందెం అంటే ఇక్కడ ఒకసారి గవ్వలు వేయడం.) అదే గవ్వ 10లో 6 సార్లు వెల్లకిలా పడేదైతే? 100 పందాల్లో చమ్మ 13 సార్లు వస్తుంది, అష్ట రెండు మూడు సార్లే. గవ్వ వీపు కొంచెం ఎత్తుగానో చదునుగానో ఉంటే చాలు, ఆట మారిపోతుంది. నియమం ఒక్కటీ మారలేదు. సరంజామా మారింది, అంతే.

చరిత్రలో కూడా ఇలాగే జరిగింది. పచ్చీసు ఆట మీకు తెలిసే ఉంటుంది. కూడలి ఆకారంలో నాలుగు చేతులున్న గుడ్డమీద ఆడతారు. పచ్చీస్ అంటే హిందీలో 25. గవ్వల్లో పడే అన్నిటికన్నా పెద్ద పందెం అదే. అదే గుడ్డమీద గవ్వలకు బదులు పొడుగు పాచికలు వేస్తే ఆ ఆట పేరు చౌపడ్. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో చౌపడ్‌కి 16 కాయలు, మూడు పాచికలు అని ఉంది. పాచిక చెక్కాలంటే దంతమో మంచి కర్రో కావాలి, పనివాడు కావాలి. గవ్వ సముద్రం ఇస్తుంది. అందుకే చౌపడ్ పెద్దింటి ఆట అనీ, పచ్చీసు మామూలు జనం ఆట అనీ పేరుపడింది. పటం ఒకటే, వేసే వస్తువు వేరు, దాన్నిబట్టి ఆట పేరూ, ఆడేవాళ్లూ వేరు.

గవ్వ ఒకప్పుడు డబ్బు కూడా. మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాలుకి, ఒరిస్సాకి వచ్చేది. తెలుగులో "గుడ్డిగవ్వ కూడా లేదు" అంటారు కదా, డబ్బు అసలు లేదని చెప్పడానికి. నేను ఆ మాట చాలాసార్లు విన్నాను కానీ, అందులో గవ్వ ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు.

19వ శతాబ్దంలో పచ్చీసు అమెరికాకు వచ్చింది. సెల్చో అండ్ రైటర్ అనే కంపెనీ వాళ్లు పార్చీసీ అని అమ్మారు. ఆ పేరు 1874లో ట్రేడ్‌మార్క్ అయింది. పెట్టెలో గవ్వలు లేవు, ఆరు ముఖాల పాచికలు ఉన్నాయి. రెండు పాచికలు వేస్తే 25 ఎలా పడుతుంది? పడదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంగ్లండ్ వాళ్ల లూడోలోనూ పాచికే. అది తిరిగి మన దేశానికి వచ్చి, చాలా ఇళ్లలో పచ్చీసు చోటులో కూర్చుంది.

పాచికను నేను తప్పు పట్టడం లేదు. కటాన్‌లో అంకెల బిళ్లల మీద చిన్న చుక్కలు ఉంటాయి, గమనించారా? 6 మీద ఐదు చుక్కలు, 2 మీద ఒకటి. రెండు పాచికలు వేసే 36 విధాల్లో ఆ అంకె ఎన్నిసార్లు వస్తుందో ఆ చుక్కలు చెబుతాయి. పాచికలన్నీ సమానంగా తయారవుతాయి కాబట్టే వాటిని అచ్చువేయగలిగారు. తెనాలిలో ఆడినా ట్రాయ్‌లో ఆడినా అదే లెక్క. ముందుగా ఆలోచించి ఎత్తులు వేయడానికి అది చాలా సాయం. గవ్వల మీద అలాంటి చుక్కలు ఎవరూ వేయలేరు. ఒక్కో ఇంటి గవ్వలది ఒక్కో లెక్క. తన గవ్వల లెక్క అమ్మమ్మకు చేతిలో ఉంది. ఎప్పుడు కాయను ముందుకు జరపాలో, ఎప్పుడు అడ్డగీతల గడిలో క్షేమంగా కూర్చోబెట్టాలో దాన్నిబట్టే చూసుకునేది. నేను పగలగొట్టింది ఆ లెక్కని. ఇది పెట్టె వచ్చాక గానీ నాకు తెలియలేదు.

గవ్వలు దొరకనప్పుడు చింతగింజలతో ఆడేవాళ్లట. గింజను ఒకవైపు రాయిమీద అరగదీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. తెలుపు పైకి వస్తే వెల్లకిలా పడినట్టు. ఎంత అరగదీశామన్నది ముఖ్యం. ఎక్కువైతే పలచబడిపోతుంది, తక్కువైతే గుండ్రంగా దొర్లుతుంది.

ట్రాయ్‌లో మేం కొనే చింతపండులో గింజ ఉండదు, తీసేసి దిమ్మలుగా అమ్ముతారు. కానీ మొన్న అమ్మ రసానికి చింతపండు పిసుకుతుంటే చేతికి ఒకటి తగిలింది. అమ్మమ్మ దాన్ని కడిగి, నా కోటు వేసుకుని గరాజ్‌లోకి వెళ్లింది. బయట మంచు పడుతోంది. సిమెంటు నేలమీద కూర్చుని గింజను రుద్దింది. కొంచెం రుద్దడం, ఎగరేసి చూడటం, మళ్లీ రుద్దడం. తరవాత నా చేతిలో పెట్టి, "ఇంక నువ్వు రుద్దు, చాలన్నప్పుడు ఆపు" అంది.

ఇప్పుడు మూటలో మూడు గవ్వలు, ఒక గింజ ఉన్నాయి. నిన్న ఆడాం. మొదటి పందెంలో మూడు గవ్వలూ బోర్లా పడ్డాయి. గింజ కాసేపు గిరగిరా తిరిగి, అదీ బోర్లా పడింది.