కంటికి ఆనని నష్టం

బొమ్మ బరువు తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, దాని నిడివి వెడల్పులు తగ్గించడం. రెండవది, కొలతలు అలాగే ఉంచి, అది కంప్యూటరులో ఆక్రమించే చోటును తగ్గించడం. ఈ రెండవ విద్య చరిత్రలో మనవారి పేర్లున్నాయి. అందులోని మొదటి సూత్రమైతే మా బందరు అద్దకంవారికి ఏనాడో తెలుసు.

ముందు ఒక చిన్న లెక్క. ఏ4 కాగితమంత కలంకారీ గుడ్డను అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున మొత్తం సుమారు 2 కోట్ల 60 లక్షల బైట్లు. డయలప్ రోజుల్లో 56 కిలోబిట్ల మోడెము పూర్తి వేగంతో పనిచేసినా, ఈ ఒక్క బొమ్మను దించుకోవడానికి గంట దాటేది.

ఆ గుడ్డనే నిదానంగా చూడండి. బందరు, పెడనల పనివారు బారెడు గుడ్డమీద ప్రతి పువ్వునూ విడివిడిగా గీయరు. చెక్కమీద ఒక్కసారి చెక్కిన అచ్చునే వరసగా వేసుకుంటూ పోతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టించిన ఎరుపు, ఇలా రంగులూ కొన్నే. "ఈ అచ్చు, ఇన్నిసార్లు, ఈ రంగులు" అని చెబితే గుడ్డంతా చెప్పినట్లే. 1987లో వచ్చిన జిఫ్ పద్ధతి చేసే పని దీనికి చాలా దగ్గర. రంగులను 256కు మించనీయదు, మళ్ళీ మళ్ళీ వచ్చే వరుసలకు పొట్టి గుర్తులు పెడుతుంది. తరువాత 1996లో వచ్చిన పింగ్ (పీఎన్‌జీ) రంగులకు ఆ హద్దు లేకుండానే, ఒక్క చుక్క కూడా పోనీయకుండా బొమ్మను కుదిస్తుంది.

ఛాయాచిత్రం సంగతి వేరు. ముఖంమీద వెలుగునీడలు అచ్చుల్లాగా తిరిగి రావు. దీనికి మార్గం చూపినది 1974 జనవరిలో వెలువడిన ఒక చిన్న పరిశోధన పత్రం. దాని రచయితలు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి అమెరికాలో ఆచార్యుడైన కామిశెట్టి రామమోహనరావు. ఈ చివరి పేరు తెలుగు చెవికి పరాయిది కాదు. ఈ పని కోసం అంతకుముందు అహ్మద్ సహాయధనం అడిగితే, అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థ ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందన్నది ఒక పరీక్షకుని అభిప్రాయమట!

వారి గణితాన్ని ఆధారం చేసుకొని 1992లో జేపెగ్ ప్రమాణం స్థిరపడింది. అది బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోస్తుంది. ప్రతి గడిలోని వెలుగునూ నెమ్మదైన అలలుగా, చురుకైన అలలుగా విడదీస్తుంది. మన కన్ను నెమ్మదైన మార్పులను ఇట్టే పట్టుకుంటుంది, సన్నని అలజడిని అంతగా పట్టించుకోదు. వెలుగులోని తేడాను చూసినంత నిశితంగా రంగులోని తేడానూ చూడదు. కన్ను పట్టించుకోనిదాన్ని వదిలేస్తే, ఛాయాచిత్రం పదో వంతుకు తగ్గినా సాధారణంగా తేడా తెలియదు.

అయితే, ఎవరి కన్ను? ఏం వెదికే కన్ను?

2000ల తొలి సంవత్సరాలలో మొదలైన భారత డిజిటల్ లైబ్రరీ వేలకొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఎక్కువ పుటలను నలుపు తెలుపుల్లోనే, నడుమ బూడిద ఛాయ లేకుండా దాచింది. అందువల్ల ఫైళ్ళు చిన్నవయ్యాయి, అక్షరాలు స్పష్టంగా నిలిచాయి. ఆ జాలస్థలి మూతపడినా, వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఈనాటికీ చదువుకోగలుగుతున్నాం. కాని వాటిలోని ఛాయాచిత్రాలు మసిముద్దలయ్యాయి. అక్షరం కోసం చేసిన పొదుపుకు బొమ్మ బలైంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయాయి. అక్కడి మా బంధువుల ఇల్లూ, ఇంట్లోని ఫోటోలూ కొట్టుకుపోయాయి. అంతకు ముందెప్పుడో గుడివాడలో ఉన్న ఆడపడుచుకు ఇచ్చిన ఒక్క ఫోటో మిగిలింది. దాని వెనుక అట్టమీద పెన్సిలుతో పేర్లు రాసి ఉన్నాయి. అక్షరాలు మాసిపోయి, వెలుతురుకు వాల్చి పట్టుకుంటేనే కనబడతాయి. రెండువైపులా స్కాన్ చేసి, జేపెగ్‌లో బాగా కుదించిన ప్రతిని మూలంతో పోల్చి చూశాను. ముందువైపు ముఖాలలో తేడా లేదు. వెనుకవైపు రెండు పేర్లు గళ్ళలో కలిసిపోయాయి. ఆ ముఖాలను గుర్తుపట్టగలవారు ఇంట్లో ఒక్కరే ఉన్నారు. వారి తరువాత ఆ పెన్సిలు గీతలే ఆధారం.

కనుక మిత్రులారా, మూలప్రతిని టిఫ్‌లోనో పింగ్‌లోనో ఏ కుదింపు నష్టమూ లేకుండా దాచుకోండి, అదీ రెండు చోట్ల. నలుగురికీ చూపే చిన్న ప్రతిని ఎప్పటికప్పుడు ఆ మూలం నుంచే తీయండి. జేపెగ్‌ను దిద్ది మళ్ళీ జేపెగ్‌గా దాస్తూపోతే కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. కలంకారీ అచ్చువంటి పదునైన గీతల బొమ్మకు పింగ్, ముఖాలకు జేపెగ్ నప్పుతాయి. వెబ్‌పీ, ఏవిఫ్ వంటి కొత్త పద్ధతులు ఇంకా తక్కువ చోటు తీసుకుంటాయి. కాని నష్టంతో కుదించినప్పుడు ఒకసారి వదిలేసినదాన్ని అవీ తిరిగి తేలేవు. ఈనాటి కంటికి ఆననిదే రేపటివారు వెదికేది కావచ్చు.