కోకా సుబ్బారావు: రెండు తీర్పులు

ప్రొద్దుటూరులో చరిత్ర పాఠాలు చెప్పే నన్ను విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: కోకా సుబ్బారావు ప్రజల పక్షమా, భూస్వాముల పక్షమా? మన విమర్శకులు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు ఒక్కటి చూపి రెండో మాటకే మొగ్గుతారు. అది తొందరపాటని నా అభిప్రాయం.

ఆయన 1902లో రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకొని 1948లో అక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. శ్రీబాగ్ ఒడంబడిక పుణ్యమా అని రాజధాని కర్నూలుకు వచ్చింది గనుక హైకోర్టును గుంటూరులో పెట్టారు. (జమ్మలమడుగు కక్షిదారుడు అంత దూరం తిరిగిన బాధ వేరే కథ.) 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ వాసిపై దోపిడీ కేసు సాక్ష్యం లేక 1941లోనే వీగిపోయింది. అయినా పోలీసులు అతని పేర షీటు తెరిచి అర్ధరాత్రి తలుపు తట్టేవారు. 1962 డిసెంబరులో న్యాయమూర్తులందరూ ఆ రాత్రి తనిఖీలను కొట్టివేశారుగాని, మెజారిటీ మిగతా నిఘాకు అడ్డు చెప్పలేదు. సుబ్బారావు, జె.సి.షా మాత్రం నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు. ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుబ్బారావు రాశారు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో రౌడీషీటు అంటే ఏమిటో తెలిసినవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక గోలక్‌నాథ్ కుటుంబానికి పంజాబులో 500 ఎకరాలకు పైగా ఉంది. మన రాష్ట్రపు 1973 చట్టం మెట్టభూమికి పెట్టిన గరిష్ఠ పరిమితి 54 ఎకరాలన్నది పక్కన పెట్టి చూడండి. ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని అయిదుగురు తేల్చారు. అప్పటికే జరిగిన భూసంస్కరణలను తీర్పు తిరగదోడలేదు, నిజమే. కాని ముందు దారి మూసేసింది.

ఈ రెంటిలోనూ ఉన్నది ఒకే సూత్రం: రాజ్యానికి ఎదురుగా నిలిచిన వ్యక్తి. ఆ వ్యక్తి పోలీసుకు భయపడే బీదవాడా, వందల ఎకరాల ఆసామియా అన్న భేదం ఆ సూత్రంలో లేదు. ఆసామి వెనుక నిలబడిన కౌలుదారు ఆయన కంటికి ఆనలేదు. లోపం ఆయన నిజాయితీలో లేదు, ఆ ఉదారవాద దృక్పథంలోనే ఉంది.

తీర్పు చెప్పిన ఆరు వారాలకే, 1967 ఏప్రిల్‌లో, ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ఆ అడుగు నాకు నచ్చదు. తీర్పును రాజకీయమని తిట్టేవారికి ఆయనే ఆయుధమిచ్చారు.

ఆయన 1976లో కన్నుమూశారు. రెండేళ్లకు 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. ఖరక్ సింగ్ కేసులో ఆయన చెప్పినదే సరైనదని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.