గడప దగ్గర

"చచ్చాక కాదండి అమ్మాయిగారూ, దేవుని రాజ్యం ఇక్కడికే వస్తాదండి" అనేది, మా నగరంలో కొబ్బరికాయలు ఒలిచే మామ్మ. నేను నవ్వేదాన్ని.

1836లో ఇంగ్లండు విడిచి వచ్చిన బౌడెన్, బీర్‌లు మా వశిష్ఠకి అవతల, నరసాపురంలో నాటిన బోధ అది. మత్తయి 'పరలోకరాజ్యం' అన్నాడు గనక, పోయాక చేరే చోటని నా నమ్మకం. తీరా చూస్తే, గ్రీకు మూలంలోని 'బసిలేయా'కి నేలకన్నా ఏలుబడి అన్న అర్థమే ముఖ్యమట. క్రీస్తు దాన్ని ఆవగింజతో పోల్చాడు. బీదల్నీ, కుంటివాళ్లనీ పిలిచి కూర్చోబెట్టిన విందు కథ చెప్పాడు. శిష్యులకి నేర్పిన ప్రార్థనలోనూ, మమ్మల్ని అక్కడికి తీసుకుపొమ్మని కాదు, ఆ రాజ్యమే రావాలని అడగమన్నాడు.

మామ్మ చెప్పింది నిజమేనన్నమాట! మరి ఆవిడకి మంచినీళ్లు మేం గడప బయటే, దోసిట్లో పోసేవాళ్లం. వచ్చిన రాజ్యం అక్కడే ఆగిపోయిందేమో!