పది రోజుల ట్రిప్పు, ఏడాది హాస్టలు

ఉప్పల్ నుంచి నాచారం వైపు వెళ్తూ ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీలు చదవడం నాకో కాలక్షేపం. ర్యాంకులు, స్విమ్మింగ్ పూలు, రోబోటిక్స్ ల్యాబు. వీటి సరసన ఈమధ్య మరో మాట చేరింది: ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్. మీ పిల్లలు పది రోజులు విదేశంలో ఒక ఇంట్లో ఉంటారు, ఆ పిల్లలు వచ్చి మీ ఇంట్లో ఉంటారు, భాష దానంతటదే వచ్చేస్తుంది. వింటే బాగానే ఉంటుంది. కానీ పిల్లల్ని అటూ ఇటూ మార్చి భాష నేర్పడం అనే ఆలోచన ఫీజుల వెంట పుట్టింది కాదు. దాని చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన ప్రభుత్వ బడుల్లోనే జరిగింది. జరుగుతోంది కూడా.

ఈ ఆలోచన పెద్ద ఎత్తున అమలైన చోటు ఐరోపా. డెబ్భై ఐదేళ్లలో మూడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్సు, జర్మనీ 1963 జనవరి 22న ఎలీజే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అదే ఏడాది జూలైలో రెండు దేశాలూ కలిసి యువజన కార్యాలయం తెరిచాయి. దాని ద్వారా ఇప్పటిదాకా తొంభై లక్షలకు పైగా పిల్లలు, యువకులు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వెళ్లారు. అక్కడ వ్యాకరణం రెండో సంగతి. పక్క దేశం వాడి ఇంట్లో అన్నం తిన్నవాడు మళ్లీ వాడి మీదకి తుపాకీ ఎత్తడన్నది అసలు లెక్క.

మన దగ్గర దీనికి దగ్గర బంధువు నవోదయ. 1985-86లో రెండు బడులతో ప్రయోగంగా మొదలైంది. ఒకటి మహారాష్ట్రలోని అమరావతిలో, రెండోది హర్యానాలోని ఝజ్జర్‌లో. ఇప్పుడు తమిళనాడు తప్ప దేశమంతటా 650కి పైగా ఉన్నాయి. వాటిలో ఒక నియమం ఉంది, బయటివాళ్లకి పెద్దగా తెలియదు. తొమ్మిదో తరగతికి రాగానే క్లాసులో 30 శాతం మంది ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకి వెళ్లాలి. హిందీ జిల్లా నుంచి హిందీయేతర జిల్లాకి, అక్కడి నుంచి ఇక్కడికి. పూర్తి క్లాసు 80 మంది అనుకుంటే 24 మంది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు, ట్రంకు పెట్టెలతో, రెండు రాత్రుళ్ల రైలు ప్రయాణం.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన వివరం ఒకటుంది. ఉత్తరాదిలో తెలుగు జిల్లాతో జత కలిసిన నవోదయ ఉంటే, అక్కడ మూడో భాషగా తెలుగు చెప్తారు. అంటే హిందీ నేల మీద ఎక్కడో ఒక తెలుగు మాస్టారు బోర్డు మీద అ, ఆ దిద్దిస్తూ ఉంటాడు. ప్రవాసాంధ్ర సాహిత్యం అంటే మనం డల్లాస్ గురించి, డెట్రాయిట్ గురించి రాసుకుంటాం. ఆ మాస్టారి మీద ఒక్క నవల కూడా నా కంటపడలేదు.

మరి భాష వచ్చిందా? మా టీములో ఒకాయన నవోదయలో చదివాడు, ఉత్తరప్రదేశ్‌లో ఏడాది ఉండొచ్చాడు. "మొదటి నెల ఏడుపు, రెండో నెల బూతులు, మూడో నెల నుంచి హిందీ" అంటాడు. అటు నుంచి ఇటు వచ్చిన పిల్లలు? వాళ్లకీ తెలుగు వచ్చిందట, మెస్సు తెలుగు. "చారు పొయ్యి అన్నా" వరకు. వెళ్లిపోయాక మిగిలిందో లేదో ఆయనకి తెలియదు.

తేడా పిల్లల్లో లేదు, ఏర్పాటులో ఉంది. నవోదయలో ఎనిమిది దాకా మాతృభాషలో లేదా ప్రాంతీయ భాషలో పాఠాలు. తొమ్మిది నుంచి లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో, సాంఘికశాస్త్రం, నిబంధన ప్రకారం, హిందీలో. కాబట్టి తెలుగు పిల్లవాడికి ఆ ఏడాది నేర్చుకున్న హిందీ పరీక్షలో అక్కరకొస్తుంది, తర్వాత ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది. హిందీ పిల్లవాడికి తెలుగుతో తర్వాత పడే పని ఏమీ లేదు. రైలు రెండు వైపులా నడిచింది గానీ సామాను ఒకవైపే చేరింది. మార్పిడి అన్న మాటకి నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

ఉప్పల్ పిల్లలకి ఈ అవకాశం దాదాపు దొరకలేదు. నవోదయ సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. ఉప్పల్‌కి దొరికింది వేరే రకం. ఇక్కడ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, హబ్సిగూడ వైపు ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ ఉన్నాయి. అన్నీ బదిలీలు, బయటి నియామకాలు ఉండే కేంద్ర సంస్థలు. వాళ్ల పిల్లల కోసం ఉప్పల్లో రెండు కేంద్రీయ విద్యాలయాలు. సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో. నాన్న అక్కడి నుంచి ఇక్కడికి బదిలీ అయితే పిల్లాడు క్వార్టర్స్ గ్రౌండులో క్రికెట్ ఆడుతూ "అరే, బాల్ ఇటెయ్" నేర్చుకుంటాడు. ఎవరూ ఎక్స్ఛేంజ్ అని పేరు పెట్టలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. నా లెక్కలో ఈ ప్రాంతంలో బాగా పనిచేసిన భాషా మార్పిడి ఆ గ్రౌండే.

కేవీల పేరెత్తితే జర్మన్ కథ చెప్పకుండా ఉండలేను. 2011లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్, గోథే సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. దేశంలో సుమారు 500 కేవీల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు మూడో భాషగా జర్మన్ చదివారు, దాదాపు 70 వేల మంది. 2014 అక్టోబరులో, విద్యా సంవత్సరం మధ్యలో, జర్మన్ తీసేసి సంస్కృతం పెట్టాలని నిర్ణయం వచ్చింది. త్రిభాషా సూత్రంలో విదేశీ భాషకి చోటు లేదన్నది వాదన. సూత్రం ప్రకారం అది నిజం కూడా. కానీ మూడేళ్లు "గూటెన్ మోర్గెన్" అన్న ఎనిమిదో తరగతి పిల్లాడికి నవంబరులో "రామః రామౌ" ఇచ్చారు. తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ ఏటికి సంస్కృతం పరీక్ష ఉండదని ప్రభుత్వం చెప్పింది. నడుస్తున్న సిస్టంలో డేటాబేస్ మార్చేసి, ఈసారికి టెస్టింగ్ వద్దులే అన్నట్టు.

ఏడాది తిరక్కుండానే మరో పథకం. 2015 అక్టోబరు 31న ప్రధాని 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' ప్రకటించారు. రాష్ట్రాలని జతలు చేశారు. తెలంగాణకి హర్యానా, ఆంధ్రప్రదేశ్‌కి పంజాబ్. బడుల్లో జత రాష్ట్రపు పాటలు, ఆటలు, వంటలు, ఆ భాషలో వంద వాక్యాలు, వీలైతే యాత్రలు. నాచారం స్కూలు ఫంక్షన్లో హర్యానా నాట్యం స్టేజీ ఎక్కడం ఈ లెక్కలోనిదే. (నాచారం అంటే మా నాన్న తరానికి ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో. స్టేజీ, డాన్సు ఈ ఊరికి కొత్త కాదు.)

ఇక్కడే తమాషా. హర్యానా భాష ఏది? ఇళ్లల్లో మాట్లాడేది హర్యాన్వీ. అది ఎనిమిదో షెడ్యూలులో లేదు, అధికార భాష హిందీ. కాబట్టి తెలంగాణ పిల్లలు నేర్చుకోవాల్సిన వంద వాక్యాలు హిందీవి. ఉప్పల్ పిల్లకి హిందీలో "నీ పేరేమిటి" నేర్పడం చేపకి ఈత నేర్పడమే. ఆ పిల్ల బడిలో హిందీ చదువుతోంది, ఆటోలో దక్కనీ వింటోంది. హర్యానా పిల్లలకి మాత్రం తెలుగు నిజంగా కొత్త, వాళ్లది అసలైన కష్టం. నవోదయలో మోత మోసింది తెలుగు పిల్లలు. ఇక్కడ కాగితం మీదైనా బరువు అటు మారింది. మనవాళ్లకి హర్యాన్వీ పాటలో, సామెతలో నేర్పి ఉంటే కొత్తదేదో చేరేది.

2018 చివర్లో 'భాషా సంగం' వచ్చింది. 22 భాషల్లో ఒక్కోదానిలో ఐదు వాక్యాలు, అసెంబ్లీలో అందరూ కలిసి చెప్పాలి. దీన్ని వెక్కిరించడం తేలిక, నేను వెక్కిరించను. సంతాలీ అనే భాష ఒకటుందని ఒక పిల్లకి పన్నెండో ఏట తెలిసింది, చాలు. అయితే ఐదు వాక్యాలతో పలకరింపు వస్తుంది, భాష రాదు. ఈ సంగతి 1970లోనే మైసూరులో తెలుసు. అప్పుడు మొదలైన దక్షిణ ప్రాంతీయ భాషా కేంద్రానికి ఇతర రాష్ట్రాల నుంచి పనిచేస్తున్న టీచర్లని పంపేవారు. తెలుగో కన్నడమో నేర్చుకోవడానికి పది నెలలు, జీతంతో సహా. పెద్దవాళ్లకే, పంతుళ్లకే, పది నెలలు.

నాచారం పారిశ్రామికవాడలో బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. అక్కడి సర్కారు బడిలో తెలుగు పిల్ల పక్కన ఒడియా పిల్లాడు కూర్చుంటే ఆ బెంచీ మీద మార్పిడి రోజూ జరుగుతుంది. ట్రిప్పు ఖర్చు లేదు, వీసా అక్కర్లేదు. వార్షికోత్సవంలో ఆ పిల్లాడి చేత వాళ్ల ఊరి పాట ఒకటి పాడిస్తారా? తన భాష కూడా ఇంకొకరు నేర్చుకోదగ్గదని వాడికి ఎవరన్నా చెప్తారా? హర్యానా పాటకి పెట్టిన ప్రాక్టీసులో సగం చాలు దీనికి.

2018లో తెలంగాణ చట్టం చేసి అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి చేసింది. తెలుగు ఇంటి భాష కాని పిల్లలకి మామూలు వాచకం భారమవుతోందని 2025లో సీబీఎస్ఈ వంటి బోర్డుల తొమ్మిదో తరగతికి 'వెన్నెల' అనే సరళమైన పుస్తకాన్ని నిర్ణయించింది. ఉప్పల్లో ఆ పుస్తకం తెరిచే పిల్లల్లో డెహ్రాడూన్ నుంచి వచ్చినవాళ్లుంటారు, పట్నా నుంచి వచ్చినవాళ్లుంటారు. వాళ్లలో కొందరు ఆ పాఠాల్లోని మాటలు సగం గ్రౌండులో ముందే వినేసి ఉంటారు.