ఒకే కంప్యూటరు, పలువురు వినియోగదారులు

ప్రయోగశాలలోని త్రాసును పదిమంది విద్యార్థులు వాడుచుండగా, వారిలో నొకడు దాని మరను త్రిప్పినచో తక్కిన తొమ్మిదిమంది తూకములును తప్పును. తప్పు ఎక్కడ పుట్టినదో వారికి తెలియనైన తెలియదు. పలువురు వాడు కంప్యూటరు విషయమున ఈ చిక్కు ఇంకను పెద్దది. ఏలయన, యంత్రము ఎట్లు నడువవలెనో తెలుపు ఆదేశములు కూడ దాని స్మృతిలోనే, వినియోగదారుల లెక్కల ప్రక్కనే, అంకెల రూపమున నుండును.

1950 దశకమున ఈ బాధ అంతగా లేదు. లెక్క కావలసినవాడు కార్డులపై రంధ్రములు చేయించి ఇచ్చి పోవును. యంత్రము ఒకరి పని ముగించి మరియొకరి పని చేపట్టును. ఫలితము కొరకు గంటల తరబడి వేచియుండవలెను. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందము 1961 నవంబరులో వేరొక పద్ధతిని ప్రదర్శించెను. యంత్రము తన కాలమును చిన్న చిన్న తునకలు చేసి, వేర్వేరు టైపు యంత్రముల ముందు కూర్చున్నవారికి వరుసగా పంచిపెట్టును. ప్రతివాడును యంత్రమంతయు తనదే యనుకొనును. ఈ ఏర్పాటునకు సి.టి.ఎస్.ఎస్. అని పేరు.

యంత్రమంతయు తనదే యనుకొనువాడు దానిని తనదిగానే మార్చబోవును గదా! కావున ఐ.బి.ఎం. 7094 యంత్రమునకు కొన్ని ప్రత్యేక భాగములు చేర్చవలసివచ్చెను. దానికి 32,768 పదములు పట్టు స్మృతులు రెండు అమర్చిరి. ఒకటి పర్యవేక్షక ప్రోగ్రామునకు, రెండవది వినియోగదారులకు. వినియోగదారుని ప్రోగ్రాము తనకు గీచిన ఎల్లను దాటబోయినను, టేపులను, ముద్రణ యంత్రములను స్వయముగా నడుపబోయినను, అధికారము వెంటనే పర్యవేక్షకునకు పోవును. ఒక గడియారము కూడ నుండెను. గడువు ముగియగానే అది యంత్రమును పర్యవేక్షకునకు అప్పగించును. ఈ రక్షణలు లోహములోనే అమర్చినవి గనుక ప్రోగ్రాములతో వానిని చెరుపుట సాధ్యము కాదు.

ఎవరి ఫైళ్లు వారివిగా నుండుటకు ఒక్కొక్కరికి ఒక సంకేతపదము నిచ్చిరి. ఇక్కడనే అసలు బలహీనత బయటపడినది. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి తనకు కేటాయించిన గంటలు చాలకపోయెను. సంకేతపదముల ఫైలును ముద్రించుమని కార్డుపై కోరిక వ్రాసి పెట్టెలో వేయగా, మరునాటికి జాబితా యంతయు సిద్ధముగా నుండెను! గోడ ఎంత గట్టిదైనను ప్రక్కద్వారము తెరచియే యున్నది. ఈ సంగతిని అతడు సుమారు ఇరువదియైదేండ్ల తరువాతగాని చెప్పలేదు.

1966లో జరిగినది మరింత విచిత్రము. దానిలో దురుద్దేశము లేశమైనను లేదు. ఫైళ్లను దిద్దు ప్రోగ్రాము, ఒక ఖాతాలో ఒక సమయమున ఒక్కరే పనిచేయుదురని తలచి, తాత్కాలిక ఫైలునకు ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టుచుండెను. యంత్ర నిర్వాహకుల ఉమ్మడి ఖాతాలో మాత్రము ఇద్దరు ఒకేసారి పనిచేయవచ్చును. ఒకరు ఆనాటి ప్రకటనను, వేరొకరు సంకేతపదముల జాబితాను దిద్దుచుండగా రెండును తారుమారయ్యెను. ఆపై యంత్రములో ప్రవేశించిన ప్రతివానికిని అందరి సంకేతపదములును ప్రకటనగా అచ్చయి వచ్చెను. చివరకు ఒక వినియోగదారుడు బుద్ధిపూర్వకముగా యంత్రమును స్తంభింపజేసి ఆ ప్రవాహమును ఆపెను. యంత్రమును ఆపు శక్తి ఒక వినియోగదారునికి మిగిలియుండుట రక్షణలోని లోపమే. ఆనాడు ఆ లోపమే మేలు చేసినది.

సంకేతపదములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి దాచుటయే ఈ రెండింటికిని మూలము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధామ్ దీనికి చక్కని ఉపాయము కనిపెట్టెను. పదమును ఒక గణిత క్రియచే మార్చి, మార్చిన రూపమునే దాచవలెను. ఆ క్రియ ముందునకు సులభము. వెనుకకు పోవుట మిక్కిలి కష్టము. వినియోగదారుడు పదమును కొట్టగానే దానిని మరల అట్లే మార్చి, దాచిన దానితో పోల్చి చూతురు. జాబితా బయటపడినను పదములు నేరుగా తెలియవు. 1970 దశకమున యూనిక్స్ వ్యవస్థయు ఈ మార్గమునే అనుసరించెను.